ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆర్వీ మజిలీ: పనులు చక్కబెట్టుకుని యూనివర్సిటీ ఊరు చూసే పద్ధతి

ఫీనిక్స్ నుంచి గ్రాండ్ క్యానియన్‌కి ఆర్వీలో (పడక, వంటగది, టాయిలెట్ ఉన్న ఇల్లులాంటి బండిలో) వెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకు ఫ్లాగ్‌స్టాఫ్‌లో పెట్రోలు కొట్టించుకుని, పిల్లలకి ఏదో ఒకటి తినిపించి ముందుకు సాగిపోతాయి. ఆ ఊళ్లో రెండు రాత్రులు ఆగమంటాను నేను. ఊరు అందంగా ఉంటుందని మాత్రమే కాదు. ఫ్లాగ్‌స్టాఫ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీ ఉన్న ఊరు. యూనివర్సిటీ ఊళ్లన్నీ చిన్న గదుల్లో, సొంత వాషింగ్ మెషీన్ లేకుండా, చాలామంది కారు కూడా లేకుండా బతికే విద్యార్థుల చుట్టూ పెరిగినవి. అందుకే అక్కడ డబ్బులు వేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీలు ఉంటాయి, సిటీ బస్సులు ఉంటాయి, ఎంతసేపు కూర్చున్నా లెమ్మనని కాఫీ షాపులుంటాయి, పాత పుస్తకాల దుకాణాలుంటాయి, తక్కువ ధరకి కడుపునిండా తినే చోట్లుంటాయి. ఆర్వీలో తిరిగేవాళ్లకి కావలసినవీ అవే. వారం రోజుల మురికి బట్టలు, ఖాళీ అవుతున్న ప్రొపేన్, నిండుతున్న మురుగు ట్యాంకు, అడుగంటిన బియ్యం డబ్బా, ఇవన్నీ తీర్చుకోవడానికి గ్రాండ్ క్యానియన్ అంచు సరైన చోటు కాదు. అక్కడికి 80 మైళ్ల ముందున్న ఈ ఊరే సరైన చోటు.

కింద రాసిన పద్ధతి ఫ్లాగ్‌స్టాఫ్‌ని దృష్టిలో పెట్టుకున్నదే. ఇందులో సగానికి పైగా ఇతాకా, బౌల్డర్, యూజీన్ లాంటి ఏ యూనివర్సిటీ ఊరికైనా సరిపోతుంది.

ముందు తేదీలు చూసుకోండి, తర్వాతే రూటు

యూనివర్సిటీ ఊరికి రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి వాతావరణానిది, ఇంకోటి కాలేజీది. ఆగస్టు చివర్లో విద్యార్థులు హాస్టళ్లలో దిగే రోజులు, అక్టోబరులో హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులు తిరిగొచ్చే పండగ), మే నెలలోనూ డిసెంబరులోనూ పట్టాలిచ్చే రోజులు, ఈ నాలుగు సమయాల్లో తల్లిదండ్రులు దేశం నలుమూలల నుంచీ వస్తారు. హోటళ్లు నిండితే ఆ జనం క్యాంప్‌గ్రౌండ్ల మీద పడతారు. తేదీలు యూనివర్సిటీ వెబ్‌సైట్లో అకడమిక్ క్యాలెండర్ పేరుతో ఉంటాయి. రిజర్వేషన్ చేసే ముందు రెండు నిమిషాలు అది తెరిచి చూడండి.

వాతావరణం సంగతి. ఫ్లాగ్‌స్టాఫ్ సముద్రమట్టానికి దాదాపు 6,900 అడుగుల ఎత్తున ఉంది, ఊటీ కన్నా కొంచెమే తక్కువ. ఫీనిక్స్ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో మాడిపోతుంటే ఇక్కడ జూలై పగళ్లు 80ల్లో, రాత్రులు 50ల్లో ఉంటాయి. అందువల్ల వేసవి వారాంతాల్లో ఫీనిక్స్ సగం ఇక్కడికే వస్తుందనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం ఫీనిక్స్ నుంచి వచ్చే ఐ-17 హైవే మీద పైకి, ఆదివారం మధ్యాహ్నం కిందికి బారులు తీరిన బండ్లే. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా మాన్‌సూన్. పొద్దున నీలాకాశం, మధ్యాహ్నానికి ఉరుములు, మెరుపులు, వడగళ్లు. చలికాలం మంచు దండిగా పడుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు నీళ్ల గొట్టం గడ్డకట్టేంత చలి మామూలే.

ఇవన్నీ కలిపి చూస్తే సెప్టెంబరు రెండో సగంలో సోమవారం నుంచి గురువారం మధ్య ఆగడం నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు. పిల్లల బడి సెలవుల వల్ల వేసవిలోనే వెళ్లక తప్పదంటే, ఆదివారం రాత్రికి చేరి మంగళవారం దాకా ఉండండి. వచ్చినవాళ్లు దిగిపోతుంటే మీరు ఎక్కుతారు.

కొండ ఎక్కక ముందే కొనాల్సినవి

సోనా మసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ, ఇంగువ, ఇలాంటివన్నీ చాండ్లర్, టెంపే వైపు ఇండియన్ స్టోర్లలోనే తీసుకోండి. అక్కడ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, సరుకూ తాజాగా ఉంటుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో పాలు, పెరుగు, కూరగాయలు, పళ్లు, గుడ్లు, చికెన్ హాయిగా దొరుకుతాయి. మన సరుకులకి మాత్రం ఆ ఊరిని నమ్ముకోవద్దు.

మంచినీళ్ల ట్యాంకు ఫీనిక్స్‌లో నిండా నింపొద్దు. గ్యాలన్ నీళ్లు 8 పౌండ్ల పైచిలుకు బరువు. 40 గ్యాలన్లంటే 330 పౌండ్లు. ఫీనిక్స్ 1,100 అడుగుల దగ్గరుంటే మీరు ఎక్కాల్సింది దాదాపు 5,800 అడుగులు, 145 మైళ్లలో. దారిలో చేతులు కడుక్కోవడానికి, టాయిలెట్‌కి సరిపడా ఉంచుకుని మిగతాది పైన నింపుకోండి. ఐ-17 మీద ఏటవాలు చోట్ల ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డులుంటాయి. వేసవిలో వాటిని పాటించండి. కుడి లేన్‌లో, తక్కువ గేరులో, తొందర లేకుండా ఎక్కాలి. వెనకవాళ్లు దాటిపోతుంటే పోనివ్వండి.

ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి సీలు వేసిన ప్యాకెట్లు ఉబ్బుతాయి. చిప్స్ ప్యాకెట్ ఉబ్బితే నష్టం లేదు. ఊరగాయ ప్యాకెట్ ఉబ్బి పగిలితే అల్మారా అంతా నూనె. ఆవకాయ, గోంగూర పచ్చళ్లని స్క్రూ మూత ఉన్న సీసాల్లోకి మార్చి, కొంచెం ఖాళీ వదిలి, జిప్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి. పైకి చేరాక మూతని మెల్లగా తిప్పాలి.

బండి ఎక్కడ నిలపాలి

ఊరి దక్షిణాన, ఐ-17 మీద 337వ ఎగ్జిట్ దగ్గర ఫోర్ట్ టట్‌హిల్ కౌంటీ పార్కులో పైన్ చెట్ల మధ్య క్యాంప్‌గ్రౌండ్ ఉంది. వెచ్చటి నెలల్లోనే తెరుస్తారు. అక్కడి నుంచి ఊళ్లోకి సైకిలు దారి ఉంది. ఉత్తరాన 89 హైవే వైపు కేఓఏ అనే ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ ఉంది, హుకప్‌లన్నీ (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) ఉంటాయి. ఏది ఎంచుకున్నా మ్యాపులో రైలు పట్టాలు ఎంత దూరమో చూసుకోండి. బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే గూడ్సు రైల్వే కంపెనీ ప్రధాన మార్గం ఊరి నడిబొడ్డు నుంచే పోతుంది, గూడ్సు బండ్లు రాత్రీ పగలూ ఆగవు. పసిపిల్లలుంటే ఇది చిన్న విషయం కాదు.

చుట్టూ ఉన్న కొకొనినో నేషనల్ ఫారెస్ట్‌లో కొన్ని చోట్ల ఉచితంగా ఉండొచ్చు, 30 రోజుల్లో 14 రోజుల వరకు. హుకప్ ఉండదు, మట్టి రోడ్లు, వాన పడితే బురద. అద్దె ఒప్పందాలు చాలావాటిలో మట్టి రోడ్డు మీద నడపకూడదని ఉంటుంది, మీ కాగితాలు చూసుకోండి. మే, జూన్ నెలల్లో అడవి ఎండిపోయి నిప్పు ఆంక్షలు పెడతారు. అప్పుడు క్యాంప్‌ఫైర్, బొగ్గుల గ్రిల్ రెండూ మానేయాల్సిందే. ఇక్కడివాళ్లు కార్చిచ్చులు కళ్లారా చూసినవాళ్లు. ఆ ఆంక్షని తేలిగ్గా తీసుకుంటే వాళ్లకి కోపం రావడంలో న్యాయం ఉంది.

ఊరి వీధుల్లో బండి ఆపి అందులోనే పడుకోవడం కుదరదు, నగర చట్టం ఒప్పుకోదు. పైగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, మంచు తోసే బండ్లకి అడ్డం లేకుండా, అర్ధరాత్రి నుంచి పొద్దున 7 దాకా వీధుల్లో పార్కింగే నిషేధం. వాల్‌మార్ట్ పార్కింగ్‌లో రాత్రి ఉండొచ్చని ఎవరైనా చెబితే ఆ స్టోర్ మేనేజర్‌ని అడిగి, సరేనన్నాకే ఆగండి.

పనుల్ని రెండు కుప్పలు చేయండి

ఈ మజిలీ సుఖంగా నడవాలంటే ఒక్క సూత్రం చాలు. బండితో చేయాల్సిన పనులు ఒక కుప్ప, బండి లేకుండా చేయగలిగినవి ఇంకో కుప్ప. మొదటి కుప్పంతా ఊళ్లోకి వచ్చే రోజే, క్యాంప్‌గ్రౌండ్‌కి చేరకముందే పూర్తి చేయాలి. తర్వాత బండి కదలకూడదు. హుకప్‌లు పెట్టి, లెవెల్ చేసి, గుడారం పందిరి దించి స్థిరపడ్డాక పాల ప్యాకెట్ కోసం 30 అడుగుల బండిని మళ్లీ కదిలించడం ఎవరికైనా విసుగే.

బండితో చేసేవి: పెట్రోలు, ప్రొపేన్, టైర్లలో గాలి, పెద్ద సరుకుల కొనుగోలు, లాండ్రీ. బండి లేకుండా చేసేవి: మందుల షాపు, పోస్టాఫీసు, లైబ్రరీ, క్షౌరం, పుస్తకాలు, భోజనం, ఊరు చూడటం.

ఐ-17 తిన్నగా వచ్చి మిల్టన్ రోడ్డుగా మారి ఊళ్లోకి దింపుతుంది. క్యాంపస్ పక్కనుంచే పోయే ఈ రోడ్డు ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. ఆర్వీతో అటు పోవద్దు. ఊరికి ముందే ఐ-40 హైవే మీద తూర్పు వైపు తిరిగి 198వ ఎగ్జిట్‌లో బట్లర్ అవెన్యూ మీద దిగండి. లిటిల్ అమెరికా ట్రావెల్ సెంటర్ అక్కడే ఉంది, పెద్ద బండ్లు తిరిగేందుకు చోటు ఉంటుంది. హంటింగ్టన్ డ్రైవ్ మీది వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్ కూడా అటువైపే. మిల్టన్ రోడ్డుని ముట్టుకోకుండా సగం పనులు అయిపోతాయి.

స్టోర్ పార్కింగ్‌లో ద్వారానికి దూరంగా చివరి వరుసకి వెళ్లండి. మామూలు గడి 18 అడుగుల పొడవు, మీ బండికి ఒకదాని వెనక ఒకటి రెండు కావాలి. వెనక చక్రాల తర్వాత బండి ఎంత పొడుగ్గా సాగి ఉందో గమనించండి. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకి ఊగుతుంది, పక్కనున్న కారుని రాసేది అదే. ఇంకొకరు కిందికి దిగి చూస్తూ ఉండకుండా వెనక్కి తీయొద్దు.

లాండ్రీ

యూనివర్సిటీ ఊళ్లో ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా లాండ్రోమాట్‌లో మెషీన్ దొరకదు. సోమవారం క్లాసుకి ఉతికిన బట్టలు కావాలని విద్యార్థులంతా అప్పుడే వస్తారు. మంగళ, బుధవారాల్లో ఉదయం 8 నుంచి 11 మధ్య దాదాపు ఖాళీ. వేసవిలో ఆదివారం చేరేవాళ్లు లాండ్రీని మాత్రం బయల్దేరే మంగళవారం పొద్దునకి పెట్టుకోండి. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే రెండు గంటలు మిగులుతాయి.

ఆర్వీలోని మురికి బట్టలన్నీ ఒకేసారి తీసుకెళ్లి మూడు, నాలుగు మెషీన్లలో ఒకేసారి వేయండి. దుప్పట్లు, రగ్గులకి ముందు తలుపున్న పెద్ద మెషీన్లు వాడండి. కాటన్ చీరలు, పంచెలు డ్రయ్యర్‌లో వేయకుండా విడిగా తీసిపెట్టుకోండి. ఇక్కడి గాలి ఎంత పొడిదంటే, క్యాంప్‌గ్రౌండ్ ఒప్పుకుంటే నీడలో తాడు కట్టి ఆరేసినా చూస్తుండగానే ఆరిపోతాయి. చాలాచోట్ల కార్డు పనిచేస్తుంది, అయినా క్వార్టర్లు (25 సెంట్ల నాణేలు) కొన్ని దగ్గరుంచుకోండి. ఉతకడానికి అరగంట, ఆరడానికి ముప్పావు గంట. ఒకరు లాండ్రీలో ఉంటే ఇంకొకరు పక్క దుకాణంలో పొడి సరుకులు తేవచ్చు. పాలు, ఐస్‌క్రీమ్, మాంసం మాత్రం అన్ని పనులూ అయ్యాక, క్యాంప్‌కి బయల్దేరే ముందే కొనాలి.

ప్రొపేన్, నీళ్లు, డంప్

మోటార్‌హోమ్‌లో ప్రొపేన్ ట్యాంకు బండికే బిగించి ఉంటుంది. దుకాణాల ముందు ఇనుప బోనుల్లో పెట్టి, ఖాళీది ఇస్తే నిండుది ఇచ్చే సిలిండర్లు దానికి పనికిరావు. ప్రొపేన్ నింపే పంపు ఉన్న చోటికే బండి తీసుకెళ్లాలి, అక్కడి ఉద్యోగే నింపాలి. ముందే ఫోన్ చేసి "మోటార్‌హోమ్ ట్యాంకు నింపుతారా" అని అడగండి. ఫ్రిజ్, హీటర్, వాటర్ హీటర్, స్టవ్ అన్నీ ఆపేసి, అందరూ దిగాలి. ట్యాంకు 80 శాతానికే నింపుతారు. వేడికి వ్యాకోచించడానికి ఆ ఖాళీ కావాలి, మోసం అనుకోవద్దు. చల్లటి రాత్రుల్లో హీటర్ ప్రొపేన్‌ని బాగా తాగేస్తుంది, సగం కంటే తక్కువుంటే నింపించండి.

జనరేటర్ విషయంలో ఒక మాట. ప్రతి వెయ్యి అడుగులకి దాని శక్తి మూడు, మూడున్నర శాతం తగ్గుతుంది. ఇక్కడ దాదాపు నాలుగోవంతు పోయినట్టే. ఏసీ, మైక్రోవేవ్ కలిపి వేస్తే పడిపోవచ్చు. ఒకటి ఆపి ఒకటి వాడండి.

డంప్ పని, అంటే మురుగు ట్యాంకులు ఖాళీ చేయడం, ఊరు వదిలే రోజు పొద్దున పెట్టుకోవాలి, వచ్చిన రోజు కాదు. టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకు కనీసం మూడింట రెండొంతులు నిండాకే ఖాళీ చేస్తే గట్టిగా తోసుకుపోయి శుభ్రంగా పోతుంది. హుకప్ పెట్టిన చోట బ్లాక్ వాల్వ్ తెరిచి వదిలేస్తే నీళ్లు పోయి, గట్టిది అడుగున పేరుకుపోతుంది. గ్లవ్స్ వేసుకుని, గొట్టం రెండు చివరలూ బిగిసి ఉన్నాయో లేదో చూసి, ముందు బ్లాక్ వదలండి. తర్వాత స్నానం, సింకు నీళ్లు చేరే గ్రే ట్యాంకు వదిలితే ఆ సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. మంచినీళ్ల గొట్టం తెల్లదో నీలందో విడిగా ఉంటుంది. దాన్ని డంప్ దగ్గరి కుళాయికి తగిలించొద్దు, ఆ కుళాయి గొట్టాలు కడగడానికి. మంచినీళ్ల కుళాయికి వేరే బోర్డు ఉంటుంది.

ఈ ఎత్తున వంట

ఇక్కడ నీళ్లు దాదాపు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటైనా పలుకు వదలదు. ప్రెజర్ కుక్కర్ తప్పనిసరి, అందులోనూ మామూలు కంటే నాలుగోవంతు సమయం ఎక్కువ ఇవ్వండి. ఇంట్లో నాలుగు విజిల్స్ అయితే ఇక్కడ ఐదు. శనగలు, రాజ్మా రాత్రే నానబెట్టండి. అన్నానికి నీళ్లు ఒక పావు గ్లాసు ఎక్కువ. టీ పొడి కొంచెం ఎక్కువసేపు మరగనివ్వండి. దోసె పిండి పులియడానికి రాత్రి చలి ఒప్పుకోదు, పులిసిన పిండిని కింది నుంచే ఫ్రిజ్‌లో తెచ్చుకోండి.

అమ్మానాన్నలు వెంట ఉంటే

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని గ్రాండ్ క్యానియన్ చూపించడానికే చాలామంది ఆర్వీ తీసుకుంటారు. 1,100 అడుగుల నుంచి ఒక్క పూటలో 6,900కి వస్తే ఆరోగ్యవంతులకి కూడా తలనొప్పి, ఆయాసం, నిద్రపట్టకపోవడం ఉండొచ్చు. మొదటి రోజు మెట్లు, ఎత్తులు పెట్టకండి. నీళ్లు దాహం వేయకపోయినా తాగించండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల ఇబ్బంది, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగాలి. విశ్రాంతిలో ఉన్నా ఆయాసం తగ్గకపోతే, ఛాతీలో నొప్పి వస్తే ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి. ఉత్తర అరిజోనాకంతటికీ పెద్దాసుపత్రి ఫ్లాగ్‌స్టాఫ్ మెడికల్ సెంటర్ ఈ ఊళ్లోనే ఉంది. క్యానియన్‌కి ముందు ఇక్కడ రెండు రాత్రులు గడపమనడానికి ఇదీ ఒక కారణం. దక్షిణ అంచు కూడా దాదాపు 7,000 అడుగులే కాబట్టి ఒళ్లు ముందే అలవాటు పడుతుంది.

బండి నడుస్తున్నప్పుడు మంచం మీద నడుం వాల్చాలని పెద్దవాళ్లు అంటారు. ఒప్పుకోకండి. బెల్టు ఉన్న సీట్లోనే కూర్చోబెట్టి, గంటకోసారి బండి ఆపండి.

మందులు, ఉత్తరాలు, కాగితాలు

మీరు వాడే మందులు వాల్‌గ్రీన్స్ లాంటి దేశవ్యాప్త గొలుసు దుకాణంలో ఉంటే, ఆ ప్రిస్క్రిప్షన్‌ని ఇక్కడి బ్రాంచ్‌కి మార్చమని రెండు రోజుల ముందే యాప్‌లో అడగొచ్చు. దారిలో మీకు ఏదైనా పోస్టులో రావాలంటే జనరల్ డెలివరీ అనే పాత సౌకర్యం ఇప్పటికీ ఉంది. మీ పేరు, కింద జనరల్ డెలివరీ, ఊరు, జిప్ కోడ్ రాసి పంపితే పోస్టాఫీసులో దాచి ఉంచుతారు, ఫోటో గుర్తింపు చూపించి తీసుకోవాలి. ఊళ్లో ఏ బ్రాంచ్ ఈ పని చూస్తుందో ఫోన్ చేసి తెలుసుకున్నాకే చిరునామా ఇవ్వండి. ఆఫీసు పని వెంట తెచ్చుకున్నవాళ్లకి డౌన్‌టౌన్‌లో వీలర్ పార్క్ పక్కన ఉన్న పబ్లిక్ లైబ్రరీ మంచి చోటు. వైఫై ఉంది, పిల్లలకి పుస్తకాలున్నాయి.

ఇక ఊరు

రెండో రోజు బండి ముట్టుకోకుండా సైకిల్ మీదో, లిఫ్ట్, ఊబర్ టాక్సీల్లోనో రండి. లోపలికి వచ్చాక మౌంటెన్ లైన్ బస్సులున్నాయి. క్యాంపస్‌కీ డౌన్‌టౌన్‌కీ మధ్య నడిచే 10వ నంబరు రూటు మనకి బాగా ఉపయోగపడుతుంది. డౌన్‌టౌన్ వీధుల్లో పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, గడులు చిన్నవి, క్యాంపస్ పార్కింగ్ గరాజుల్లో 12 అడుగుల ఎత్తు బండి పట్టదు. బండితోనే రాక తప్పకపోతే ముందు విజిటర్ సెంటర్‌కి ఫోన్ చేసి ఆర్వీలు ఎక్కడ ఆపుకోవచ్చో అడగండి.

మొదలుపెట్టాల్సింది కూడా ఆ విజిటర్ సెంటర్ దగ్గరే. అది 1926లో కట్టిన రైల్వే స్టేషన్‌లో ఉంది, ఆమ్‌ట్రాక్ వారి సౌత్‌వెస్ట్ చీఫ్ ప్రయాణికుల రైలు ఇప్పటికీ అక్కడ ఆగుతుంది. స్టేషన్ ముందున్న రోడ్డే రూట్ 66 అనే పేరుపొందిన పాత హైవే. దాన్ని దాటితే 1900లో తెరిచిన వెదర్‌ఫోర్డ్ హోటల్, 1927 నాటి మాంటె విస్టా హోటల్, హెరిటేజ్ స్క్వేర్, అన్నీ పది నిమిషాల నడక. వేసవి, శరత్తుల్లో ఆదివారం పొద్దున సిటీ హాల్ దగ్గర రైతుల సంత జరుగుతుంది. తాజా ఆకుకూరలు, పళ్లు అక్కడ కొనుక్కోండి.

పట్టాలకి దక్షిణాన సౌత్‌సైడ్. ఊళ్లోని నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలు తరాలుగా బతికిన పేట. ఇప్పుడు క్యాంపస్‌కి దగ్గర కాబట్టి విద్యార్థులూ నిండిపోయారు. బీవర్ స్ట్రీట్‌లో 1980 నుంచి నడుస్తున్న మేసీస్ కాఫీహౌస్ ఉంది. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. పొద్దున పూట ఒక మూల కూర్చుంటే ప్రొఫెసర్లు, పర్వతారోహకులు, పరీక్షలకి చదువుకునే పిల్లలు, రైల్వే పనివాళ్లు అందరూ కనిపిస్తారు. ఈ ఊరు ఏమిటో తెలియడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అక్కడి నుంచి నడుచుకుంటూ క్యాంపస్‌లోకి వెళ్లొచ్చు. యూనివర్సిటీ 1899లో 23 మంది విద్యార్థులతో టీచర్ ట్రైనింగ్ స్కూలుగా మొదలైంది. ఎర్ర ఇసుకరాతితో కట్టిన ఓల్డ్ మెయిన్ అంతకుముందే, 1894లో కట్టింది. బాలనేరస్థుల సంస్కరణ బడి కోసం తలపెట్టి, తర్వాత మానసిక రోగుల ఆసుపత్రి చేద్దామనుకుని, చివరికి చదువుల బడి చేశారు. క్లైన్ లైబ్రరీ తప్పక చూడాలి. గ్రాండ్ క్యానియన్ అంచున స్టూడియో పెట్టుకుని దశాబ్దాలపాటు ఫోటోలు తీసిన కోల్బ్ సోదరుల్లో ఎమరీ కోల్బ్ సేకరణ ఇక్కడి ప్రత్యేక విభాగంలో భద్రపరిచారు. హైస్కూలు పిల్లలుంటే క్యాంపస్‌లో ఒక గంట ఊరికే తిరగనివ్వండి. అమెరికన్ యూనివర్సిటీ అంటే ర్యాంకుల జాబితా కాదని, చెట్ల కింద కూర్చుని చదువుకునే చోటని వాళ్లకి తెలుస్తుంది. మన ఇళ్లల్లో ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

క్యాంపస్ ఒరుసుకునే రియోర్డన్ మాన్షన్ ఉంది. కలప వ్యాపారం చేసిన ఇద్దరు అన్నదమ్ములు 1904లో కట్టుకున్న జంట ఇల్లు, మొత్తం 40 గదులు. అన్నదమ్ముల కుటుంబాలు రెండు వైపులా, మధ్యలో ఇద్దరికీ ఉమ్మడి గది. మన పెద్దవాళ్లు ఈ ఏర్పాటుని చూడగానే అర్థం చేసుకుంటారు. గైడ్ వెంట వెళ్లి చూడాలి, ముందే టికెట్ తీసుకోండి.

సాయంత్రానికి బఫెలో పార్క్. చదునైన రెండు మైళ్ల చుట్టు దారి, ఎదురుగా 12,633 అడుగుల హంఫ్రీస్ శిఖరం ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో పర్వతాలు. నవాహో, హోపీ మొదలైన 13 తెగలకి అవి పవిత్రమైనవి. మనం తిరుమల కొండని చూసే కళ్లతోనే వాటినీ చూడాలి. ఇక్కడ పరుగెత్తే వాళ్లలో ఒలింపిక్ స్థాయి క్రీడాకారులు కూడా ఉంటారు, పల్చటి గాలిలో సాధన కోసం వస్తారు. యూనివర్సిటీ పురుషుల క్రాస్‌కంట్రీ జట్టు 2016 నుంచి 2022 లోపే ఆరుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది.

రాత్రి: మార్స్ హిల్

ఈ మజిలీలో ఒక్కటే చూడగలమంటే మార్స్ హిల్ కొండ మీది లోవెల్ అబ్జర్వేటరీ చూడండి. పెర్సివల్ లోవెల్ 1894లో స్థాపించాడు. డౌన్‌టౌన్ నుంచి మైలు దూరం, కానీ ఇరుకైన వంపుల దారి. ఆర్వీతో కాకుండా ఊబర్‌లో వెళ్లండి. 1896లో బిగించిన 24 అంగుళాల క్లార్క్ టెలిస్కోప్ ఇప్పటికీ పనిచేస్తోంది. వెస్టో స్లైఫర్ 1912లో ఇక్కడే ఆండ్రోమెడా నెబ్యులా (ఇప్పుడు గెలాక్సీ అంటున్నాం) వేగాన్ని కొలిచాడు. అదే దారిలో ఆయన కొలిచిన మిగతా నెబ్యులాలు చాలావరకు మన నుంచి దూరంగా పోతున్నట్టు తేలింది. విశ్వం విస్తరిస్తోందనే ఆలోచనకి ఆ కొలతలు పునాదుల్లో ఒకటి. 1930 ఫిబ్రవరి 18న క్లైడ్ టాంబో ప్లూటోని కనిపెట్టింది కూడా ఇక్కడే. అప్పటికి ఆయన 24 ఏళ్లవాడు, కాలేజీ డిగ్రీ లేదు, పల్లెటూరి రైతు కొడుకు. ఈ సంగతి పిల్లలకి అక్కడే నిలబడి చెప్పండి. 2024 నవంబరులో కొత్తగా ఆస్ట్రానమీ డిస్కవరీ సెంటర్ తెరిచారు, కనీసం మూడు గంటలు పెట్టుకోండి. టికెట్ ముందే కొనండి. ఆగస్టు అయినా స్వెట్టర్ తీసుకెళ్లండి.

ఊరంతా మసకగా ఉందని ఫిర్యాదు చేయకండి. ఆకాశం కనబడాలని 1958లోనే సెర్చ్‌లైట్లని నిషేధించిన ఊరు ఇది. 2001లో ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై సిటీ అయింది. మీ ఆర్వీ పందిరి కింది లైట్లు, మెట్ల దగ్గరి లైటు రాత్రి 9 దాటాక ఆపేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు ఇస్తే పాలపుంత కనిపిస్తుంది.

బయల్దేరే రోజు

పొద్దున డంప్, తర్వాత మంచినీళ్లు, తర్వాత పెట్రోలు, ఈ వరుసలో. క్యానియన్ దగ్గర ధర ఎక్కువ కాబట్టి ట్యాంకు నిండా కొట్టించండి. పార్కు లోపలి మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు లేవు, బండి పొడవు 30 అడుగులు దాటకూడదు. హుకప్ కావాలంటే ట్రైలర్ విలేజ్, అది నెలల ముందే నిండిపోతుంది.

దారులు రెండు. 180 హైవే తిన్నగా అడవిలోంచి పోతుంది, 80 మైళ్లు, రెండే లేన్లు, వంపులు. చిన్న క్యాంపర్ వ్యాన్ అయితే అదే మేలు. ఊరు దాటగానే 1928లో మొదలైన మ్యూజియం ఆఫ్ నార్తర్న్ అరిజోనా వస్తుంది. క్యానియన్ రాళ్ల గురించి, అక్కడి తెగల గురించి ముందే తెలుసుకుని వెళ్తే చూసేది పదింతలవుతుంది. పెద్ద బండికి ఐ-40 మీద పడమరగా విలియమ్స్ దాకా వెళ్లి 64 హైవే ఎక్కడం సుఖం, పది మైళ్లు ఎక్కువైనా. సెడోనా ఊరు కూడా చూడాలనుకుంటే ఓక్ క్రీక్ క్యానియన్‌లో దిగే 89ఏ హెయిర్‌పిన్ మలుపుల మీదకి ఆర్వీని తీసుకెళ్లకండి. ఐ-17లో కిందికి దిగి 179 హైవే మీదుగా వెళ్లండి.

క్యానియన్ తర్వాత తూర్పుకి, మాన్యుమెంట్ వ్యాలీ వైపు వెళ్తే గడియారం సంగతి చూసుకోండి. అరిజోనా వేసవిలో సమయం మార్చదు, నవాహో నేషన్ మారుస్తుంది. మార్చి నుంచి నవంబరు దాకా సరిహద్దు దాటగానే గంట ముందుకి వెళ్తారు. అక్కడ టూర్ గానీ క్యాంప్‌గ్రౌండ్ గానీ బుక్ చేసుంటే అది ఏ సమయమో ఫోన్ చేసి అడిగి, కాగితం మీద రాసి డాష్‌బోర్డు మీద పెట్టుకోండి.